ఇద్దరు లింగయ్యలు

మణికొండ, 12-8-1998

అత్తకు నర్సింలు దండాలు. మేమంతా బాగానే ఉన్నాం, కార్డు చూసి కంగారుపడకు.

మాదాపూర్‌లో ఆ పెద్ద భవనం లేచినప్పటి నుంచి మన చెలక భూమి కోసం బ్రోకర్లు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. పట్టా నా పేరున మార్పించుకుందామని మొన్న మండలాఫీసుకు పోయాను. పాత కాగితంలో తాత పేరు లింగడు, వయసు ముప్పై. పదేళ్ల తర్వాతి దాంట్లో చిన్నలింగయ్య, వయసు ఇరవై ఎనిమిది.

"ఇద్దరూ ఒక్కరేనని సంతకం పెట్టు, పనైపోతది" అన్నాడు వెంట వచ్చిన బ్రోకరు. నాకు అనుమానమొచ్చి, ఇంటికొచ్చి పక్కింటి ముసలి కనకమ్మను అడిగాను.

"ఇద్దరన్నదమ్ములు కొడుకా. పెద్దోడు లింగడు గత్తరొచ్చి సచ్చిండు. ఆని ఆడపిల్లను మీ తాత సొంత బిడ్డ లెక్క సాదిండు" అంది. అత్తా, ఆ పిల్లవు నువ్వేనట.

నిన్న ఆఫీసులో సంతకం పెట్టలేదు. ఆ భూమి లింగడిదని, ఆయన బిడ్డ బతికే ఉందని ఆఫీసరుకు చెప్పేశాను. "నీ సంగతి జూస్త" అని బ్రోకరు బయట బెదిరించాడు. అప్పటి నుంచి గుమ్మం ముందు బండి ఆగితే చాలు, తలుపు గడియ పెట్టుకుంటున్నాం. పిల్లల్ని బడికి కూడా పంపలేదు.

వాళ్లు నీ దగ్గరికీ వస్తారు. ఎవరు ఏ కాగితం తెచ్చినా వేలిముద్ర వేయకు. సోమవారం ఆఫీసుకు నువ్వు రావాలి. ఒంటరిగా రాకు, వేణు బావను తోడు తెచ్చుకో. మోకాళ్ల నొప్పి తగ్గిందా? వచ్చేటప్పుడు రేషన్ కార్డు మరవకు.

నాన్న బతికున్నన్నాళ్లూ నిన్ను అక్కా అనే పిలిచాడు. నాకు నువ్వు ఎప్పటికీ అత్తవే.

నీ అల్లుడు
నర్సింలు