పందొమ్మిది ప్రశ్నలు, ఇరవై జవాబులు

చిరంజీవి చిన్నమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ అమ్మకు దగ్గు తగ్గింది, నాకు నోరు తగ్గలేదు. మీరంతా అక్కడ క్షేమమని తలుస్తాను. కళ్ళజోడు మార్చుకున్నావా అని అడిగావు. మార్చుకున్నాను. కొత్త అద్దాల్లోంచి చూస్తే పేపర్లో అచ్చుతప్పులు మరీ ఎక్కువ కనిపిస్తున్నాయి. పాత జోడే నయం, కాస్త మనశ్శాంతి ఉండేది.

ముందు నీ గ్రామరు సందేహం. ఒక క్రియ వెనక ఇంకో క్రియ వస్తే ఎప్పుడు 'టు' పెట్టాలి, ఎప్పుడు 'ఇంగ్' తగిలించాలి అని నువ్వు ఇంగ్లీషు చెప్పే ఆసుపత్రి సిబ్బంది నీ ప్రాణం తీస్తున్నారన్నావు. అన్నిటికీ సరిపడే సూత్రం ఒకటుందని చెప్పేవాణ్ణి నమ్మకు. చాలావరకు ముందున్న క్రియే నిర్ణయిస్తుంది. వాంట్, హోప్, డిసైడ్ లాంటివి ఇంకా జరగని పని వైపు చూస్తాయి, వాటి వెనక 'టు' వస్తుంది. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ వెనక 'ఇంగ్' రావాలి. కొన్ని రెంటినీ రానిస్తాయి గానీ అర్థం మార్చేస్తాయి. 'రిమెంబర్ టు లాక్' అంటే తాళం వేయడం మరిచిపోకు అని. 'రిమెంబర్ లాకింగ్' అంటే వేసిన సంగతి గుర్తుందని. ఇక 'లుక్ ఫార్వర్డ్ టు' దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడతారు. అక్కడి 'టు' ఆ వేషంలో ఉన్న వేరే మనిషి, దాని వెనక 'ఇంగే' వస్తుంది. జాబితాలు కంఠస్థం చేయించకు. వార్డులో వాళ్ళు రోజూ అనే మాటలతోనే వాక్యాలు కట్టించు.

ఇప్పుడు నీ ఉత్తరంలో రెండో పేజీ. అది మీ అమ్మకు పైకి చదివి వినిపించాను. నేను పనిచేసిన ప్రెస్సులో అచ్చయిన గ్రామరు గైడునే క్లాసులో వాడుతున్నావట. ఒక నర్సమ్మ లేచి, "మేడమ్, వెనకున్న జవాబు తప్పేమో. 'ఫినిష్' తరవాత 'ఈటింగ్' అనే కదా మా డాక్టరమ్మ అనేది" అందట. నువ్వేమో, "అచ్చయిన పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా? అది మా నాన్న ప్రూఫు దిద్దిన పుస్తకం, తప్పుండదు" అని అందరి ముందూ కసిరావు. ఆ సాయంత్రం నుంచి ఆమె రావడం మానేసింది. ఆమె ఇంగ్లీషు పరీక్ష చూస్తే వచ్చే నెలే. తరవాత నువ్వు ఇంకో పుస్తకం తిరగేస్తే ఆమె మాటే నిజమైంది. అందుకని ఆ గైడు రాసిన మాస్టారి మీద పత్రికకు లేఖ తయారు చేశావు. "నిన్ను నానా మాటలూ అన్న మనిషి పరువు ఇన్నాళ్ళకు బజార్న పడుతుంది నాన్నా, నువ్వు సరేనంటే పోస్టు చేస్తాను" అని రాశావు.

మీ అమ్మ, "పోన్లెండి, మీ కడుపుమంట చల్లారింది" అంది. నేను కంచం ముందు కూర్చుని కెలుకుతుంటే, "ఇంత మంచి కబురొస్తే ముద్ద దిగడం లేదేం? మీరేం చేశారేంటి?" అంది. యాభై ఏళ్ళ కాపురం. ఆవిడ దగ్గర ఏం దాగుతుంది? చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను.

గైడు మాస్టారి సంగతి నీకు తెలిసిందే. పుస్తకం తెరవకుండా పుస్తకాలు రాసిన మహానుభావుడు. మా ప్రెస్సులో ఒక పద్ధతుండేది. రచయిత పొరబడ్డాడనిపిస్తే మేం దిద్దకూడదు. అంచున పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాలి, ఆయన తేల్చాలి. ఆ గైడులో నలభై మూడు పెట్టాను. ఆయన వచ్చి, నా బల్ల దగ్గరే నిలబడి, రబ్బరుతో నలభై మూడూ చెరిపి, ఆ పొట్టు నా చొక్కా మీదికి ఊదాడు. "కామాలు చూసుకోవయ్యా! గ్రామరు నాకంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు. ఫోర్‌మన్ నవ్వాడు. కంపోజిటర్లూ నవ్వారు. అప్పటికి నేను చదివిన పుస్తకాలు ఆ మనిషి ఇంట్లో బీరువాలన్నిటిలోనూ పట్టవు.

ఇంతవరకు నువ్వు చిన్నప్పటినుంచీ విన్న కథే. మిగతాది వినలేదు. ఆఖరి ప్రూఫులో ఆయన 'టు', 'ఇంగ్' అభ్యాసంలో నాలుగో వాక్యం కొట్టేశాడు. కంపోజిటర్ కింది వాక్యాలు పైకి జరిపి అంకెలు మార్చాడు. పుస్తకం వెనకున్న జవాబుల పట్టికను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందులో వాక్యాలుండవు. ఒకటి అంటే 'టు', రెండు అంటే 'ఇంగ్', అంతే. దాంతో నాలుగు మొదలు ప్రతి జవాబూ పక్కవాడి చెప్పులో కాలు పెట్టింది. ప్రశ్నలు పందొమ్మిది, జవాబులు ఇరవై. వేళ్ళ మీద లెక్కపెట్టినా తెలిసిపోతుంది.

నేను లెక్కపెట్టాను. పెన్సిల్ చేతిలోకి తీసుకున్నాను. చొక్కా మీది పొట్టు గుర్తొచ్చింది. పెన్సిల్ కింద పెట్టి, సిరాతో 'ముద్రించవచ్చు' అని రాసి సంతకం చేశాను. ఆ మాట లేనిదే మిషను కదలదు. ఏడాది తిరక్కుండా ఎవరో పంతులు పట్టుకుంటాడు, ఈయన నలుగురిలో తల దించుకుంటాడు అనుకున్నాను.

ఎవరూ పట్టుకోలేదు. పదకొండు ముద్రణలు పడ్డాయి, ఆయనకు సన్మానాలు చేశారు. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా వెనక పేజీ తిప్పి చూసేవాణ్ణి. ఇరవయ్యో జవాబు అక్కడే కూర్చుని ఉండేది. ఆయన ఎప్పుడు బోల్తా పడతాడా అని చూస్తూ, ఆ పుస్తకం పట్టుకుని చదువుకుంటున్నవాళ్ళను చూడలేదు. ముప్ఫై ఏళ్ళకు ఒక్క మనిషి పట్టుకుంటే, నా పేరు చెప్పి ఆమె నోరు మూయించావు. ఆ మాట ఎవరి నోట విని నేర్చుకున్నావో తెలుసు. ఆయన అన్నది వందసార్లు నీకు చెప్పింది నేనే.

అందుకని ఆ లేఖ పోస్టు చెయ్యకు. పట్టిక దిద్దడం ఆయన మరిచాడు, నిజమే. చూసి వదిలింది నేను. పత్రికకు రాయాలనుకుంటే నా పేరుతో రాయి. ఆయన సొంత తప్పులు నలభై మూడున్నాయి, ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. ఇది మాత్రం ఆయన ఖాతాలో వెయ్యను.

ముందు నర్సమ్మ దగ్గరికి వెళ్ళు. కబురు పంపకు, నువ్వే వెళ్ళు. ఈ ఉత్తరం చదివి వినిపించు. నా మీద ఆ తరవాత కోప్పడుదువుగాని. నా ప్రతిలోంచి చింపిన జవాబుల పేజీ దీనితో పెట్టాను. నాలుగో జవాబు పక్కన, ఆనాడు పెట్టవలసిన ప్రశ్నార్థకం పెన్సిల్‌తో పెట్టాను. అది ఆమెకివ్వు. ఇక తేల్చవలసింది ఆమె.

నేను కవరు అంటిస్తుంటే మీ అమ్మ, "రబ్బరు కూడా పెట్టండి, చెరిపి ఊదాలనిపిస్తే ఊదుతుంది" అంది.

పెట్టాను.

ఇట్లు,
చూసి కూడా సంతకం చేసిన
మీ నాన్న