కుడివైపు స్పీకరు

అమ్మడూ, నువ్వు కాలేజీ నుంచి వచ్చేసరికి షాపతను కుడి స్పీకరు మార్చడానికి వస్తాడు. వద్దని చెప్పి పంపించెయ్. నువ్వు ఎంచినవి బాగానే కుదిరాయి. పెద్దవి కొనుంటే మన చిన్న గది దద్దరిల్లేది, పాత యాంప్లిఫయరు వాటిని మోయలేక వేడెక్కిపోయేది.

కుడిది సన్నగా మోగుతోందని నిన్న అతనితో గొడవపడ్డానా, పొద్దున రెండింటినీ అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూశాను. అప్పుడూ కుడివైపే సన్నగా వినిపించింది. కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాను. ఈసారి అప్పటిదాకా బాగా వినిపించిన ఎడమవైపుది సన్నబడింది. లోపం నా కుడి చెవిలోనే ఉందమ్మా.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. అమ్మకి నేనే చెబుతాను, నువ్వు బయటపెట్టకు.

షాపతను వెళ్ళగానే ఆసుపత్రికి రా. డాక్టరు చెప్పేది ఒక్కడినే వినాలంటే భయంగా ఉంది. వచ్చి నాకు ఎడమపక్కన కూర్చో.

నాన్న