తోక మొదట్లో తెలుపు

ఆదివారం, రాత్రి.

ఇప్పటికి మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. మొన్న చెరువు గట్టు మీద పక్క పొలం కోటయ్య బాబాయికి నేనే చెప్పాను: మామూలు ఈలబాతుకు తోక మొదట్లో ఎర్రగా ఉంటుంది, పెద్ద ఈలబాతుకు తెల్లగా ఉంటుంది, ఆ రెండోదాన్ని ఒక్కసారి దగ్గరగా చూడాలని.

ఈ సాయంత్రం ఆయన సంచి తెచ్చి అరుగు మీద గుమ్మరించాడు. మెడలు వాలిపోయిన రెండు బాతులు. ఒకదానికి ఎరుపు, ఒకదానికి తెలుపు.

"చానా తిప్పలుపడి వలేశా అమ్మాయ్. పక్కపక్కన పెట్టి చూసుకో" అన్నాడు సంబరంగా.

ఛీ, అప్పుడు కూడా నా కళ్లు ఆ తెలుపు మీదికే పోయాయి.

"ఈ తెల్లతోకదాని జత ఇంకా చెరువులోనే అరుస్తా ఉంది. పొద్దున్నే దాన్నీ తెస్తాలే" అంటూ వెళ్లిపోయాడు.

వద్దని పైకి అన్నానో, లోపలే అనుకున్నానో గుర్తు రావడం లేదు. బాబాయి ఫోన్ ఎత్తడం లేదు.