నా వంతుకు వచ్చిన ఇనుప పెట్టె

పుట్టపర్తి,
జూన్ 2001

సుబ్బరత్నమ్మక్కకు,

పిండి కలిపే మిషన్ స్విచ్ వెయ్యగానే పొగలు కక్కి ఆగిపోయిందని, వెంటనే వచ్చి బాగు చేయమని నువ్వు పంపిన కబురు అందింది.

ఆశ్రమానికి వచ్చిన అమెరికా ముసలామె మన లాడ్జిలో వదిలిపోయిన ఆ పాత మిషన్‌ను ఇన్నేళ్లూ విప్పి, గ్రీజు మార్చి, మోటారులో అరిగిన కార్బన్లు తీసి కొత్తవి వేసి నడిపింది నేను. దాంతో రొట్టెలు చేసి లాడ్జికి పేరు తెచ్చిందీ నేనే. అయినా మనం వేరుపడిన నాడు పెద్దమనుషులు బల్లల మీది సామాను పెద్దకోడలికి, నేల మీదిది చిన్నకోడలికి అని తేల్చగానే, నువ్వు మిషన్‌ను చంకనెత్తుకున్నావు. బల్ల కింది ఇనుప పెట్టెను కాలితో నా వైపు నెట్టి, "ఇది నువ్వే పెట్టుకో, దీనిమింద కూచోని ఏడువు" అన్నావు. అందరూ నవ్వారు.

నేను ఆ పెట్టెను ఎత్తుకొని వచ్చేశాను.

ఆ మిషన్ మన కరెంటులో సగమే తట్టుకుంటుందక్కా. కరెంటును సగానికి తగ్గించేది ఆ పెట్టే. వంటింట్లోకి ఏనాడూ తొంగిచూడని నీకు ఆ సంగతి తెలియదు. పెట్టె లేకుండా ప్లగ్గు పెడితే మోటారు మాడిపోతుందని నాకు ఆనాడే తెలుసు.

మోటారుకు మళ్లీ తీగ చుట్టడం నాకు చేతనవును. చుట్టను.

నువ్వు చెప్పినట్టే ఆ పెట్టె మీద కూర్చొనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏడుపు మాత్రం రావడం లేదు.

నీ తోడికోడలు