రాజవ్వ కోసం లేచి నిలబడ్డాను

తమ్ముడూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. కోరుట్లలో మన దొరల బంగళా, ఆ గడి అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లనూ నేతవాళ్లనూ కూర్చోబెట్టి నువ్వు మొదలుపెట్టిన పార్టీ, నీతోనే పోతుందని భయపడ్డాను. "ఇందుల దొర లేడు, అందరం ఒక్కటే" అనేవాడివి. అయినా బీడీల రాజవ్వ నీ ఎదుట ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు.

ఈ రోజు సిరిసిల్ల సభలో అందరూ కలిసి ఆమెనే పార్టీ అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆమె వేదిక ఎక్కుతుంటే నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మన ఇంటి ఆడవాళ్లు అట్లా ఎవరికోసమూ లేవగా నేను చూడలేదు.

ఆమె నవ్వింది. "ఏంది దొరసాని, నా కోసం లేసినవా?" అని, మళ్లీ తానే సర్దుకుని, "కూసో అక్కా, మీటింగ్ షురూ చేద్దాం" అన్నది.

కూర్చున్నాను. దేవుడి ముందు తప్ప ఎక్కడా కలవని నా చేతులు, ఒడిలో వాటంతట అవే కలిశాయి.

అక్క