నేను దొంగిలించిన టోల్ పాసు

బిడ్డెఫర్డ్,
ఏప్రిల్, మంగళవారం.

తమ్ముడు రోసేర్‌కి అక్క ఆరోర్ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉన్నావని నీ ఉత్తరంలోని తిట్లే చెప్పాయి. ఒంట్లో నలతగా ఉన్న మనిషి కాగితం వెనక అచ్చు పడేటట్టు అంత నొక్కి రాయలేడు. మీ బావ చదివి, "మీవాడికి దుంప విత్తనం పెట్టే రోజులు ఇంకా రాలేదనుకుంటాను, తీరిక దండిగా ఉంది" అన్నాడు. మీ మడవాస్కాలో మంచు ఇంకా కిటికీ ఎత్తున ఉందన్నావు. ఇక్కడ కరిగి వాకిలంతా బురదయింది. చర్చి హాల్లో శనివారం చిక్కుళ్ళ విందుకు వెళ్తే మీ బావ బూటు ఒకటి బురదలోనే ఉండిపోయింది. ఆయన రెండో బూటుతోనే విందు తిని వచ్చాడు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. నన్ను దొంగ అన్న వాక్యానికి ఆనుకునే అడిగావు. మోకాలు తగ్గింది. మిగతాదానికి జవాబు ఇది.

ఫోన్ చెయ్యొచ్చుగా అనకు. నచ్చని మాట వినపడగానే ఫోన్ పెట్టేయడం నీకు అలవాటు. ఉత్తరాన్నయితే చింపాలన్నా ముందు విప్పాలి. విప్పావు కాబట్టి కూర్చుని చదువు.

ఆ పాసు నేను నీ జేబులోంచి కొట్టేయలేదురా. ఫిబ్రవరిలో పోర్ట్‌లాండ్‌కి దుంపల లోడు దించి మా ఇంటికొచ్చావు. నేను చేసిన పంది మాంసం పై మూడొంతులు నువ్వే తిన్నావు. ఫ్లోరిడా వెళ్తున్నాను, నా నేస్తం పోలీన్‌కి తుంటి ఆపరేషన్ అయింది, చూసొస్తానని చెప్పాను. నువ్వు మూతి తుడుచుకుంటూ ఏమన్నావు?

"అక్కడ అడుగడుగునా టోలే. అద్దె కార్ల వాళ్ళు వాళ్ళ పెట్టె అంటగట్టి నీ తోలు వలుస్తారు. లారీలో నా రెండో పాసు ఒకటి ఊరికే పడుంది, పట్టుకుపో."

"మేన్ పాసు ఫ్లోరిడాలో ఎలా చెల్లుతుందిరా?"

"చెల్లుతుంది. ఇన్నేళ్ళు రోడ్ల మీద బతికినవాణ్ణి, నాకు తెలియదా? అద్దానికి అంటించు, కారు ఇచ్చేటప్పుడు పీకి తెచ్చుకో. మర్చిపోయావంటే నీ తర్వాత ఎక్కినవాడు నా ఖర్చు మీద ఊరేగుతాడు."

ఇచ్చేది నువ్వే, ఇచ్చినందుకు పదేళ్ళు దెప్పేది నువ్వే. అమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే. అయినా తీసుకున్నాను.

ఓర్లాండో విమానాశ్రయంలో కారిచ్చే కౌంటర్ దగ్గర పొడుగాటి గోళ్ళమ్మాయి ఒకతె కూర్చుంది. "మా టోల్ పెట్టె పెట్టించుకోండమ్మా, ఏ దిగులూ ఉండదు" అంది. నాకు పాసుందని నీది తీసి చూపించాను.

"మేన్‌దా? అంత దూరం నుంచి వచ్చింది ఇక్కడ మోగుతుందంటారా?"

"మా తమ్ముడు మోగుతుందన్నాడు. వాడు మంచివాడో కాదో చెప్పలేను గానీ రోడ్ల విషయంలో అబద్ధమాడడు" అన్నాను.

ఆ పిల్ల నవ్వి, కారు దాకా వచ్చింది. అద్దం మీద వాళ్ళ పెట్టెకి చిన్న మూత ఉంటుందట. అది మూసేయకపోతే నీ పాసూ, వాళ్ళ పెట్టే రెండూ లెక్కేసుకుంటాయట. మూయడం దగ్గరుండి చూపించింది. నీది అద్దం పక్కన అంటించాను. మొదటి టోల్ దాటేటప్పుడు స్టీరింగు గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టాను. ఏమీ కాలేదు. నువ్వు చెప్పింది నిజమే. ఈ ఉత్తరంలో నిన్ను మెచ్చుకునేది ఈ ఒక్కచోటే, రెండుసార్లు చదువుకో.

ఇప్పుడు నీ ప్రశ్నలు. "పాసు కార్లోనే మర్చిపోయావా?" మర్చిపోలేదు. "ఎవడికి అమ్ముకున్నావు?" అమ్ముకోలేదు. "నువ్వు మార్చి మొదట్లోనే ఇల్లు చేరావని బావ చెప్పాడు, మరి రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే రోడ్డు మీద నా పాసుతో తిరిగే వెధవ ఎవడు?"

వెధవ కాదు.

కారు నేను తిరిగివ్వలేదు. నెలవారీ అద్దెకు మార్పించి, నడిపే మనిషిగా రెండో పేరు రాయించి, తాళం చెవులు ఆ మనిషి చేతిలో పెట్టి విమానమెక్కాను. పాసు అద్దానికే వదిలాను. తెలిసే వదిలాను. పోలీన్ తుంటి నిక్షేపంలా ఉంది. ఆవిడ పక్క ఊళ్ళోనే ఉంటుంది, ఫ్లోరిడా ఎప్పుడూ చూడలేదు. నీతో ఆడిన అబద్ధం అది.

ఇప్పుడు ఆ పేరు రాస్తాను. మొదటి పేజీలోనే రాసుంటే ఈపాటికి ఉత్తరం పొయ్యిలో ఉండేది. జొయెల్. నీ కూతురు.

ఉత్తరం కింద పెట్టకు. ఇంకా ఉంది.

జనవరిలో ఫోన్ చేసింది. వాళ్ళమ్మ థెరీస్ పోయాక నాకు చేయడం అదే మొదలు. "అత్తా, నేను" అంది. నేనే అడిగితే చెప్పింది. ఎవడితో ఇల్లు వదిలి వెళ్ళిందని నువ్వు దాన్ని వెలేశావో, ఆ మోటార్ సైకిల్ వాడు శరదృతువులోనే వెళ్ళిపోయాడు. వెళ్తూ దాని పాత కారు కూడా తీసుకుపోయాడు. దీనికి కడుపు. ఏడో నెల నిండకుండానే నొప్పులొచ్చి మగపిల్లాడు పుట్టాడు. నా అరచేయంత ఉన్నాడన్న మాట మాటవరసకన్నాననుకోకు. వెళ్ళి చెయ్యి పక్కన పెట్టి చూశాను.

అది ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఊరు ఒక మూల, పిల్లాడున్న ఆస్పత్రి ఇంకో మూల. మొదట్లో బస్సులు మారి మారి వెళ్ళేది. పాలు పిండి, ఐసు డబ్బాలో పెట్టుకుని, రెండో బస్సు రాక అక్కడే నిలబడిన రోజులున్నాయి. పాలు పాడైపోతే ఆస్పత్రి వాళ్ళు తీసుకోరు. నేను వెళ్ళిన రోజు ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్ షెల్టర్‌లో కూర్చుని ఉంది. చిక్కిపోయి, అచ్చం వాళ్ళమ్మ చివరి రోజుల్లో ఉన్నట్టుంది. అది చూసి తాళాలు చేతిలో పెట్టాను. నువ్వయితే ఏం చేసేవాడివో నాకు తెలుసు, చెప్పక్కర్లేదు.

"ఈ పాసు ఎవరిది అత్తా?" అని అడిగింది.

"మీ నాన్నది."

అద్దం మీది నుంచి పీకెయ్యబోయింది. చెయ్యి పట్టుకున్నాను. "టోల్ ఉన్న పై రోడ్డు మీద ఎంతసేపట్లో వెళ్తావు, టోల్ లేని కింది రోడ్డు మీద ఎంతసేపట్లో వెళ్తావు?" అన్నాను. లెక్కేసుకుని చెయ్యి దించింది.

"నాన్నకి చెప్పనని మాటివ్వు" అంది.

"ఇచ్చాను" అన్నాను. చెబితే మాత్రం ఏం చేస్తాడే అని కూడా అన్నాను. దానికి అది, "ఏం చేస్తాడో తెలుసు కనకే అడుగుతున్నాను" అంది.

నాకూ తెలియక కాదు. వాళ్ళమ్మ శవపేటిక చర్చిలో ఉండగా ఆ పిల్ల ఫోన్ చేసి బయల్దేరి రమ్మంటావా నాన్నా అని అడిగితే, "మా భోజనం బల్ల దగ్గర నీకు చోటు లేదు" అన్నావు. ఆ బల్ల దగ్గర ఆ రోజు నువ్వూ, నేనూ, మీ బావా. ఇంకో ముగ్గురు కూర్చునేంత చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ పక్కనే నేను కూర్చున్నాను.

ఇక నువ్వు చేసిన ఘనకార్యం. పాసు దొంగిలించారని చెప్పి ఆపించేశానని రాశావు. నీ ఉత్తరం అందిన రోజే కారు వాళ్ళూ ఫోన్ చేశారు, మీ పాసు చెల్లడం లేదు, బిల్లులు మాకు వస్తున్నాయని. నేను బెదిరి జొయెల్‌కి చెప్పాను: "అది దొంగసొత్తని రాయించాడట మీ నాన్న. ఎవరైనా ఆపితే చిక్కు. రెండు రోజులు కింది రోడ్డు మీద వెళ్ళు, ఈలోగా నేను ఏదో ఒకటి చేస్తాను."

"సరే అత్తా" అంది.

మర్నాడు పిల్లాణ్ణి మొదటిసారి దాని గుండె మీద పడుకోబెట్టాలి. మారిబెల్ అని నర్సు, ప్యూర్టో రికో ఆవిడ, వారం నుంచి చెబుతోంది: పొద్దున పెందలాడే రా, డాక్టర్లు రాకముందే గొట్టాలన్నీ సర్ది నీకిస్తాను, చర్మానికి చర్మం తగిలితే పిల్లలు కోలుకుంటారు అని. జొయెల్ తెల్లవారకముందే బయల్దేరింది. కింది రోడ్డు మీద ఒక సిగ్నల్ దాటితే ఇంకో సిగ్నల్, వినోదశాలలకి పోయే బస్సులు, పైగా వాన, వానలో రెండు కార్లు గుద్దుకుని దారి మూసేశారు. వెళ్ళేసరికి డాక్టర్లొచ్చేశారు, పరీక్షలు చేశారు, పిల్లాడు అలిసిపోయాడు. ఇవాళ కదపకూడదన్నారు.

"రేపిస్తానులే తల్లీ" అంది మారిబెల్.

ఆ రాత్రి పిల్లాడికి జ్వరం వచ్చింది. ఏదో సూక్ష్మక్రిమి. వాణ్ణి ఉంచిన గాజుపెట్టె మూసేశారు, తల్లిని కూడా చెయ్యి పెట్టనివ్వలేదు. అది పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని నాకు ఫోన్ చేసి, "అత్తా, నిన్న పై రోడ్డు మీద వచ్చుంటే ఒక్కసారైనా ఎత్తుకునేదాన్ని" అంది. నిన్ను తిట్టలేదు. నన్నూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఇది చదివి నీకు తేలిగ్గా ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

జ్వరానికి నువ్వు కారణమని అనడం లేదు. నేను అబద్ధాలాడే మనిషినే గానీ అంత అబద్ధం ఆడను. ఆ పొద్దున వాడు దాని గుండె మీద ఉండాల్సింది, లేడు. దానికి కారణం నువ్వు, కింది రోడ్డు మీద పొమ్మన్న నేను. నా వంతు నేను మోస్తాను. నీ వంతు నీకు పంపుతున్నాను.

పిల్లాడు గట్టివాడు. జ్వరం దిగింది. మొన్న ఆదివారం ముక్కులో గొట్టం చిన్నది మార్చారు. నిన్న వాణ్ణి దాని చేతికిచ్చారు. జొయెల్ ఫోన్ చేస్తే గొంతు సరిగా వినపడలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు. గుసగుసగా, "గట్టిగా మాట్లాడకు అత్తా, వాడు నా మెడ కింద ఊపిరి పీలుస్తున్నాడు" అంది. నేనూ మీ బావా ఫోన్ మధ్యలో పెట్టుకుని అలాగే కూర్చున్నాం. మీ బావ పొయ్యి మీద పెట్టిన అట్టు మాడిపోయింది, ఎవరూ లేవలేదు.

నీ పాసు ఈ కవరులోనే ఉంది, చూసుకో. దాన్ని నువ్వు దొంగసొత్తని రాయించావని తెలిశాక జొయెల్ ఒక్క రోజు కూడా ఉంచుకోలేదు, ఆస్పత్రి కట్టుగుడ్డలో చుట్టి నాకు పోస్టు చేసింది. ఆ గుడ్డ కూడా తియ్యకుండానే పంపుతున్నాను. అక్కడి కిరాణా కొట్లోనే ఆ రాష్ట్రం పాసు దొరికింది, అదే ఇప్పుడు అద్దానికి ఉంది. నీ పాసు వాడినన్నాళ్ళకీ ఎంతయిందో రాయి, కట్టేస్తాను. రాయకపోతే నేనే ఎంతో కొంత పంపుతాను. ఇక దీని మీద నువ్వు ఎవర్నీ దెప్పడానికి లేదు.

నేను గురువారం మళ్ళీ వెళ్తున్నాను. దానికిచ్చిన మాట తప్పానని ముందు దాంతో చెప్పాలి. అది నాతో కూడా మాట్లాడటం మానేస్తుందేమో తెలియదు. మానేసినా దాని గుమ్మంలోనే కూర్చుంటాను, మన ఇంట్లో మొండితనం నాన్న నీ ఒక్కడికే పంచలేదు.

నువ్వు రావాలని నేను అడగను. వస్తే మాత్రం క్షమించేశానని చెప్పడానికి రాకు. ఆ పిల్ల నిన్ను క్షమించమని అడగలేదు. అది నీ కోసం ఎదురుచూస్తోందనీ అనుకోకు, అలా అనుకుని వెళ్తే అక్కడ సిగ్గుపడతావు. పిల్లాడి పెట్టె మీద చీటీలో నీ ఇంటిపేరుతో "సీర్ వారి బాబు" అని మాత్రమే ఉండేది, ఇన్నాళ్ళూ పేరు పెట్టలేదు. ఎందుకు పెట్టవే అంటే, "ఉంటాడని తెలిశాక పెడతాను" అనేది.

నిన్న పెట్టింది. ఫోన్ పెట్టేసే ముందు నాతో చెప్పింది. ఆ పేరు నేను నీకు రాయను. తెలుసుకోవాలని ఉంటే వెళ్ళి దాన్నే అడుగు.

ఇట్లు,
నువ్వు దొంగ అన్న
మీ అక్క,
ఆరోర్