బెంచీలన్నీ లేచిన రోజు

అమ్మా, హాస్టల్లో నేను క్షేమం. జ్వరం పూర్తిగా తగ్గింది, కంగారు పడకు.

నిన్న చరిత్ర మేష్టారు మొదటి ప్రపంచ యుద్ధం చెబుతూ ఒక్కో బెంచీని ఒక్కో దేశం చేశారు. కష్టమొస్తే తోడుంటామని బెంచీలన్నీ రెండు జట్లుగా ముందే మాటిచ్చుకున్నాయి. దాన్నే మిత్రకూటమి అంటారట. ఎంత చక్కని మాట అనుకున్నాను. ఇంతలో రెండు బెంచీలకు తగువొచ్చింది. క్షణంలో క్లాసంతా లేచి నిలబడింది. "మనమెందుకే లేచాం?" అని పక్కపిల్లని అడిగితే, "ఏమో, మాటిచ్చాంగా, లే లే!" అంది. "మళ్లీ కూర్చోవడానికి నాలుగేళ్లు పట్టిందర్రా" అన్నారు మేష్టారు. నాకు మన ఇల్లు గుర్తొచ్చింది.

మన నడవలో కట్టే అడ్డుగోడ కోసం నాన్నా పెదనాన్నా మాటలు మానేశారు. ఆదివారం నాన్న తరఫున మామయ్య వస్తాడని, పెదనాన్న తరఫున పెద్దమ్మ తమ్ముళ్లు దిగుతారని రాశావు. అప్పట్నుంచీ భయంగా ఉంది. మామయ్యను రావద్దను. నా స్వెట్టర్ పంపు. చెల్లికి దగ్గు తగ్గిందా?

కవరు కాకుండా కార్డు కావాలనే రాశాను. ముందు వాటాలో ఉండే పెదనాన్నే దీన్ని అందుకుంటాడు, చదవకుండా ఇవ్వడు. పెదనాన్నా, నీకూ పెద్దమ్మకూ నా నమస్కారాలు. నీ కాళ్లు పట్టుకుంటాను, ముందు నువ్వు కూర్చో.

మీ అమ్మాయి